మెట్టు సంగతి, బండ సంగతి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న రాత్రి అన్నం తింటూ, "మనుషులు అసలు ఎందుకున్నారమ్మా? మనం లేకపోతే భూమికి ఏం తక్కువ?" అని అడిగాడు. దేవుడు పుట్టించాడన్నాను. "ఎందుకు పుట్టించాడు?" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ 'ఎందుకు'లో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఏ కారణం చేత అన్నది ఒకటి, దేని కోసం అన్నది మరొకటి.

మొదటిదానికి శాస్త్రం చాలావరకు జవాబు చెప్పింది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండకోతలో అడుగున అతి ప్రాచీనమైన గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) పొరలు కనిపిస్తాయి. ఆ రెండింటి వయసుల మధ్య తేడా సుమారు 80 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మన మానవజాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లే. 6.6 కోట్ల ఏళ్ల క్రితం ఒక గ్రహశకలం వచ్చి పడి, పెద్ద డైనోసార్లు అంతరించిపోయి ఉండకపోతే, పాలిచ్చే జంతువులు ఇంతగా విస్తరించడానికి చోటు దొరికేది కాదు, మనమూ ఉండేవాళ్లం కామేమో.

రెండో ప్రశ్న అంత తేలిక కాదు. అలిపిరి దారిలో మొక్కుకున్నవాళ్లు వంగి మెట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి, మళ్లీ పై మెట్టుకు వంగుతారు. మీరూ చూసే ఉంటారు. ఆ మెట్టు దేని కోసమంటే కాలు మోపడానికని చెప్పగలం. పక్కనే ఉన్న బండ దేని కోసమంటే చెప్పలేం. రెండూ రాయే, కానీ ఒకదాన్ని ఎవరో తమ అవసరానికి చెక్కారు. మీ అబ్బాయి తనకు తెలియకుండానే మనిషిని మెట్టనుకొని అడుగుతున్నాడు.

దేవుడే చెక్కాడనుకున్నా ఈ చిక్కు తీరదు, మన పూర్వులు దీన్ని దాచిపెట్టనూ లేదు. ఏ కొరతా లేనివాడికి సృష్టితో పనేమిటన్న ఆక్షేపణను వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాలు నేరుగా ఎత్తుకున్నాయి. 'లోకవత్తు లీలాకైవల్యమ్' అని, అది కేవలం లీల అని ఆ సూత్రాల కర్త బాదరాయణుడి సమాధానం. అంటే ఈ సమాధానాన్ని ఒప్పుకునే ఆస్తికుడు కూడా మనల్ని ఏదో పనికోసం చేసిన పనిముట్లని అనలేడు. నాకైతే ఇది పెద్ద ఊరట.

కాబట్టి భూమికి ఏమీ తక్కువ కాదని ఒప్పేసుకోండి. అయితే తక్కువన్నది ఎవరికో ఒకరికి తెలియాలి కదా, భూమికి తెలియదు. మీ అబ్బాయి రాత్రి ఆలస్యంగా వస్తే కంచం మీద మూతపెట్టి గుమ్మంలో నిలబడే మీకు తెలుస్తుంది. మనిషికి ప్రయోజనం పుట్టుకకు ముందే ఎక్కడో రాసిపెట్టి లేదని, ఇటువంటి చోట్లనే పుడుతోందని నేను నమ్ముతున్నాను.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్తగా గమనించండి. 'మనుషులెందుకు' అన్న పిల్లవాడు లోలోపల 'నేనెందుకు' అని అడుగుతున్నాడేమో. ఏమాత్రం అలా అనిపించినా ఈ వాదనలన్నీ పక్కనబెట్టి, చదువు ఎలా సాగుతోందో, నిద్ర పడుతోందో లేదో అడిగి, చెప్పినంతసేపూ వినండి. వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లడానికీ వెనకాడకండి. కుతూహలమే అయితే, సెలవు రోజున ఇద్దరూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొండెక్కండి. గ్రానైటు ఎక్కడ ఆగిందో, పొరలు ఎక్కడ మొదలయ్యాయో అతన్నే చూపించమనండి.