కారు అమ్మబోతే ఖాతా ఖాళీ: బ్యాంకు చేతులెత్తేయవచ్చా?

ప్రశ్న: మా కారు అమ్మకానికి ఆన్‌లైన్‌లో పెట్టాను. ఆర్మీలో పనిచేస్తున్నానంటూ ఒకతను ఫోన్ చేసి, బండి చూడకుండానే చెప్పిన రేటుకు ఒప్పుకున్నాడు. అడిగితే ఆర్సీ, ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పంపాను. అడ్వాన్స్ వేస్తానంటూ క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేసి పిన్ కొట్టగానే నా ఖాతాలోంచే రూ.10 వేలు పోయాయి. ‘పొరపాటైంది సార్, మొత్తం కలిపి వేస్తా’ అని ఇంకో కోడ్ పంపాడు. దాంతో మరో రూ.20 వేలు పోయాయి. రెండు రోజులైంది. పిన్ మీరే కొట్టారు, మాకు సంబంధం లేదంటోంది బ్యాంకు. కేసు పెడితే లాభముంటుందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ఊసే లేదు. ముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదవచ్చు. మోసగాడు డబ్బు తీసేసుకునేలోపు అది చేరిన ఖాతాలో ఆపించే ఏర్పాటు అదే. రెండు లావాదేవీల యూటీఆర్ నంబర్లు (ప్రతి చెల్లింపుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) దగ్గర పెట్టుకోండి.

బ్యాంకు మాట సగమే నిజం. ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము, బ్యాంకుకు తెలియజేసే వరకు ఖాతాదారుదే. తెలియజేశాక జరిగే నష్టం మాత్రం బ్యాంకుదే. 2017లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నియమం ఇది. అందుకే నోటిమాటతో సరిపెట్టకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అయితే మీ 30 వేలు బ్యాంకు నుంచి వస్తాయని ఆశ పెట్టుకోవద్దు. వస్తే మోసగాడి ఖాతాలో ఆగిన సొమ్ము నుంచే రావాలి. అలా ఆగినదాన్ని మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో వెనక్కి తీసుకోవచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇప్పిస్తున్నారు.

కేసు తప్పకుండా పెట్టండి. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు, ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ‘మా పరిధి కాదు’ అని స్టేషన్‌లో అంటే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173 ప్రకారం ఎక్కడైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనని చెప్పండి.

డబ్బు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ ఫొటోలు. ఆర్సీ ఫొటోతో బండి ఎవరి పేరుకూ మారిపోదు, ఆ టెన్షన్ వద్దు. కానీ వాడి తర్వాతి వేషం బహుశా మీరే. మీ కారు ఫొటోలు, మీ ఆర్సీ, మీ ఆధార్ చూపించి ‘నేనే ఓనర్ని, అడ్వాన్స్ వేయండి’ అని ఇంకొకరిని ముంచుతాడు. ఆ బాధితుడి ఫిర్యాదులో ఉండేది మీ పేరే. పోలీసులు ముందు తలుపు తట్టేదీ మీదే. కాబట్టి ఏయే పత్రాలు, ఏ రోజు, ఏ నంబరుకు పంపారో ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ఆ కాపీయే రేపు మీకు రక్ష. ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేయండి. చాట్ మాత్రం డిలీట్ చేయకండి. చాలామంది కోపంలో మొదట చేసేది అదే, పోయేది సాక్ష్యం.

కారు ఇంకా అమ్మాలి కదా. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, ఎవరు ఎంత నమ్మబలికినా సరే. ఈసారి బండి చూసుకున్నాకే బేరం, సొమ్ము జమైనట్టు బ్యాంకు యాప్‌లో చూశాకే బండిని కొన్నవారి పేరుకు మార్చే ఫారం 29, 30ల మీద సంతకం. ఎస్సెమ్మెస్ చూసి నమ్మకండి. తాళాలిచ్చిన తేదీ, సమయంతో డెలివరీ కాగితం రాయించుకోండి. 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలియజేయండి. రికార్డుల్లో మీ పేరున్నంత కాలం ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత మీ మీదకే వస్తుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.