చంపింది ఎవరు?

తమ్ముడూ,

నీ నాటకంలో ఒరెస్టెస్ తల్లిని చంపి బయటికొచ్చి "నేను కాదు, విధి చంపింది" అనగానే తెర పడుతుంది చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. సంభాషణలు బాగున్నాయి. కానీ ఆ ఒక్క వాక్యంతో నాటకం మొత్తాన్ని చేజేతులా పాడు చేసుకున్నావు.

క్రీ.పూ. 458లో గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ ఈ కథనే 'ఒరెస్టియా' పేరుతో మూడు నాటకాలుగా ఏథెన్స్‌లో ఆడించాడు. అందులో విధి పేరెత్తేది, భర్తని చంపిన తల్లి క్లైటెమ్నెస్ట్రా. కొడుకు చంపడానికి వస్తే, మీ నాన్న చావులో విధికీ భాగం ఉంది నాయనా అంటుంది. అయితే ఈ చావునీ విధే సిద్ధం చేసింది అంటాడు వాడు. ఎంత గొప్ప జవాబో చూడు! నీకు పనికొచ్చిన సాకు రేపు నిన్ను చంపేవాడికీ పనికొస్తుంది, ఇక పగకి అంతెక్కడ?

అంతకుముందే ఆమె, ఈ రొమ్ము పాలు తాగే పెరిగావు అని చూపిస్తే వాడు ఆగిపోతాడు. ఏం చేయను, తల్లిని చంపడమా అని పక్కనున్న స్నేహితుడు పైలాడెస్‌ని అడుగుతాడు. అప్పటిదాకా నోరు విప్పని పైలాడెస్ మూడే పంక్తులు మాట్లాడతాడు: తల్లిని చంపమన్న అపోలో దేవుడి ఆజ్ఞ ఏం కావాలి, మనుషులందరూ శత్రువులైనా సరే, దేవుళ్లతో వైరం వద్దు అని. పాత్రలు ఎక్కువయ్యాయని నువ్వు పైలాడెస్‌ని తీసేశావు, వాడితో పాటే ఆ ప్రశ్నా పోయింది. దేవుడు చెప్పినా సరే ఒరెస్టెస్ ఆగి అడిగాడంటే, చంపకుండా ఉండే దారి వాడి ముందు ఉన్నట్టే కదా. అది తెలిసీ చంపాడు, అందుకే అది విషాదం.

ఇప్పుడు హీరోకి చిన్నప్పటి గాయం ఒకటి తగిలించి, ఓ ఫ్లాష్‌బ్యాక్ వేసేస్తే ఎంతమందిని నరికినా చప్పట్లే. ఈ ఫ్యాషన్ మీద నాకు ఎప్పటినుంచో కోపం. నా మొదటి నాటకంలో, అన్నని చంపినవాణ్ని చంపిన తమ్ముడు ఆ చచ్చినవాడి తల్లి దగ్గరికెళ్లి ఒప్పుకుంటాడు. ఒక సంపాదకుడు, ఆ పేజీ ఉంటే హీరో మీద జాలి పోతుంది, తీసేస్తే వేస్తానన్నాడు. తీయలేదు. చాలాకాలం ఎవరూ వేయలేదు, ఆ రోజుల్లో డబ్బుకి ఎంత ఇబ్బంది పడ్డానో చెప్పలేను. చివరికి ఓ చిన్న బృందం ఆడితే, ఒకాయన నన్ను పట్టుకుని "తప్పించుకోవచ్చుగా, ఎందుకు ఒప్పుకున్నాడు?" అని హాలు తాళం వేసేదాకా వాదించాడు. ఆ సంపాదకుడు తీసేయమన్న పేజీ గురించే ఆ వాదన అంతా.

'ఒరెస్టియా' మూడో నాటకంలో ఒరెస్టెస్‌ని విచారించే కోర్టు సీను మళ్లీ చదువు. చంపావా అని, తల్లి హత్యకి పగ తీర్చుకోవడానికి వెంటపడ్డ దేవతలు ఫ్యూరీలు అడిగితే, చంపాను, కాదనను అంటాడు. అపోలో చెప్పాడన్న మాట ఆ తర్వాతే వస్తుంది. ఓట్లు సమానమై, దేవత ఎథీనా వాడి వైపు ఉండబట్టి బయటపడతాడు. ఒప్పుకున్నవాడికి దొరికిన విడుదల అది, నీ ఒరెస్టెస్‌కి అసలు విచారణే అక్కర్లేదు.

పోటీకి పంపాలా, పద్యాలు పెట్టాలా అవన్నీ తర్వాత చూద్దాం. ముందు పైలాడెస్‌ని వెనక్కి తీసుకొచ్చి చివరి సీను తిరగరాయి. "చంపాను" అన్న మాట ముందు రానీ, కారణాలు తర్వాత చెప్పుకోనీ. ఆ సీను ఒక్కటే పంపు, చాలు.