నాకు పోజిచ్చిందనుకున్న తీతువు పిట్ట

‘పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు వాటితో ఎదురైన మరిచిపోలేని అనుభవాలేమిటి? అవి నిజంగానే మనిషిని నమ్మి దగ్గరికి వస్తాయా?’ అని అడిగారు. మొదటి ప్రశ్నకు ఎంతసేపైనా చెప్పగలను. రెండోది నాలుగేళ్ల కిందట అడిగి ఉంటే ‘ఎందుకు రావు, ఇదిగో చూడండి’ అని ఒక ఫొటో తీసి చూపించేవాణ్ణి. ఇప్పుడు ఆ ఫొటో ఎవరికీ చూపించడం లేదు. ఆ సంగతికే వస్తాను.

నేను ప్రొఫెషనల్‌ని కాను. వారమంతా ఉద్యోగం, ఆదివారం తెల్లవారుజామున కెమెరా. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే 70-300 మి.మీ. లెన్స్‌తో మొదలుపెట్టి, తర్వాత ఎవరో వాడి అమ్మేసిన, ఇంకా దూరం అందే 150-600 కొనుక్కున్నాను. పదేళ్లుగా తీస్తున్నా గోడకు తగిలించదగ్గవి పట్టుమని పది లేవు. తెల్ల కొంగను తీస్తే ఒంటి మీద ఒక్క ఈక కూడా విడిగా కనిపించక, సున్నం కొట్టిన గోడలా వచ్చేది. నల్లటి నీళ్ల ముందు తెల్ల పక్షి ఉంటే కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుందని, ఎక్స్‌పోజర్ మనమే ఒక మెట్టు తగ్గించుకోవాలని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. అంతటి మేధావిని.

మొదటి దెబ్బ గుడ్డి కొంగ కొట్టింది. చెరువు గట్టు దిగుతున్నాను. రెండడుగుల దూరంలో మట్టిగడ్డ అనుకున్నది కాస్తా ‘క్వాక్’మంటూ పైకి లేచింది. లేచిన మరుక్షణం ఆ మట్టిరంగంతా మాయమై పాలలాంటి రెక్కలు! నేను జారి మోకాలు కొట్టుకున్నాను. కెమెరాను మాత్రం పైకెత్తి పట్టుకున్నాను లెండి, ఆ తెలివి ఎప్పుడూ ఉంటుంది. మన కాలు మీద పడేదాకా కదలదు కాబట్టి దానికి చూపు లేదనుకుని ఆ పేరు పెట్టి ఉంటారు. అది మాత్రం నేను గట్టు మీద ఉండగానే నన్ను చూసి ఉంటుంది. ఒంటి మీది గోధుమరంగు చారలు బురదలో కలిసిపోతాయన్న ధీమాతో అలా బిగుసుకుని కూర్చుంటుంది. చూపు లేనిది నాకు, పేరు మాత్రం దానికి. అప్పటి నుంచి నీటి దగ్గరికి వెళ్లగానే కెమెరా సంచి విప్పకుండా పది నిమిషాలు ఊరికే కూర్చుంటాను. ఖాళీగా కనిపించిన గట్టు మీద ఆ పది నిమిషాల్లో నాలుగైదు మట్టిగడ్డలకు ముక్కులు మొలుస్తాయి.

ఇక ఆ ఫొటో సంగతి. ఎండాకాలం, పొద్దున పదకొండు దాటింది. నీళ్లు వెనక్కి పోయి గులకరాళ్లు తేలిన చెరువు అంచున నడుస్తున్నాను. తీతువు పిట్ట ఒకటి ఎక్కడి నుంచో వచ్చి నా ముందు వాలింది. మామూలుగా మనిషి అల్లంత దూరంలో ఉండగానే ఊరంతా వినిపించేలా అరిచి లేచిపోయే రకం అది. ఈ పిట్ట పోలేదు. రెండడుగులు పరుగెత్తి ఆగింది. మళ్లీ నా వైపే తిరిగింది. నేను మెల్లగా బోర్లా పడుకుని, లెన్స్ నేలకు ఆనించాను. కంటి ముందు ఎర్రటి తోలు, ఎర్ర ముక్కుకు నల్లటి కొస, పొడుగాటి పసుపు కాళ్లు. కంటిలో నా నీడ కనిపించేంత దగ్గర. కాసేపటికి ఒక రెక్క నేల మీదికి వేలాడేసి పక్కకు ఈడ్చుకుంటూ నడిచింది. జంటలోని రెండో పిట్ట పైనుంచి అరుస్తూ నా నెత్తి మీదుగా దూసుకుపోయింది. నాకు ఒళ్లు పులకరించింది. నలభై నిమిషాలు అలాగే పడుకుని మూడు వందలకు పైగా ఫొటోలు తీశాను. ‘నన్ను నమ్మింది’ అని రాసి ఆ రాత్రే ఒకటి నెట్‌లో పెట్టాను. నేను పెట్టినవాటిలో అంతమందికి నచ్చిన ఫొటో మరొకటి లేదు.

రెండ్రోజుల తర్వాత మిగతా ఫొటోలు పెద్దవి చేసి చూస్తుంటే, ఒకదాని ఎడమ మూల ముందువైపు మసకగా నాలుగు గులకరాళ్లు. మిగతా రాళ్లు ఎలా పడితే అలా ఉన్నాయి. ఈ నాలుగూ మాత్రం సన్నటి కొసలు లోపలికి, గుండ్రటి వైపు బయటికి పెట్టి, పువ్వు రేకుల్లా పేర్చినట్టున్నాయి. గుండె గుభేలుమంది. అవి రాళ్లు కావు, గుడ్లు.

తీతువు గూడు కట్టదు. నేల మీద చిన్న పల్లం చేసి, చుట్టూ నాలుగు గులకరాళ్లు చేర్చి అందులోనే పెడుతుంది. మట్టిరంగు మీద నల్లటి మచ్చలుండే ఆ గుడ్లు పక్కనే నిలబడినా కంటికి ఆనవు. ఎండ ముదిరితే వాటి మీద నీడపట్టి నిలబడుతుంది. నీళ్లలోకి పోయి పొట్ట కింది ఈకలు తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. పొదగడమంటే వేడి ఇవ్వడమే అనుకుంటాం కానీ, ఎండాకాలం దానికి సగం పని గుడ్లు ఉడికిపోకుండా చూసుకోవడమే. నేను ఆ గుడ్లకు ఐదారడుగుల దూరంలో పడుకుని, తల్లిని నలభై నిమిషాలు ఆ పని చేయనివ్వలేదు. అది దగ్గరికి వచ్చింది నా మీద నమ్మకంతో కాదు, నన్ను అక్కడి నుంచి ఎలాగైనా తప్పించడానికి. రెక్క వేలాడేసింది కూడా అందుకే. ‘నేను కుంటిదాన్ని, నా వెంట పడు, అటు చూడకు’ అని దాని ఎత్తు. నాకేమో అది పోజు.

తర్వాతి ఆదివారం వెళ్లి దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూశాను. పల్లం ఉంది, గుడ్లు లేవు. పెంకులూ లేవు. తీతువు పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొద్ది గంటల్లోనే లేచి నడిచేస్తాయి కాబట్టి ఖాళీ పల్లం చూసి ఏదీ తేల్చి చెప్పలేం. కాకి కూడా ఏమీ మిగల్చదు. నేను పడుకున్న చోట ఒత్తిడికి రాళ్లు పక్కకు జరిగిన గుర్తు మాత్రం ఇంకా ఉంది. నెట్‌లోంచి ఆ ఫొటో తీసేశాను. ‘అంత మంచి ఫొటో ఎందుకు తీసేశావు’ అని అడిగినవాళ్లకు ఇదంతా చెబితే, సగంమంది ‘మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అన్నారు.

ఆ దెబ్బతో పాత ఫొటోలన్నీ తిరగేశాను. కింద నేను రాసుకున్న వ్యాఖ్యలు చదువుతుంటే సిగ్గేసింది. చెట్టు తొర్రలోని చిన్న గుడ్లగూబ తల పైకీ కిందికీ, పక్కలకీ ఆడిస్తుంటే ‘నమస్తే పెడుతోంది’ అని రాశాను. గుడ్లగూబ కళ్లు మన కళ్లలా గుంతలో తిరగవు, బిగించినట్టు ఉంటాయి. ఎటు చూడాలన్నా మెడ తిప్పాల్సిందే. అందుకే మనకు మెడలో ఏడు ఎముకలుంటే దానికి 14. తల అలా ఆడించేది ఎదుటిది ఎంత దూరంలో ఉందో కొలుచుకోవడానికి. అంటే నమస్తే కాదు, వీడు ఇంకెంత దగ్గరికొస్తే లోపలికి దూరాలి అన్న లెక్క. బైకు అద్దం ముందు గంటసేపు రెక్కలు కొట్టుకున్న మగ తేనెపిట్టకు ‘అందాల రాయుడు’ అని పేరు పెట్టాను. పాపం, అది అద్దంలో కనిపించే ఇంకో మగపిట్టను తరిమేయడానికి ముక్కు అరగదీసుకుంటోంది. అద్దానికి గుడ్డ కప్పితే రెండు నిమిషాల్లో దాని పని అది చూసుకుంటుంది. ఇప్పుడు ఎక్కడ కనిపించినా ఆ పనే చేస్తాను.

దీనికి ఉల్టా అనుభవం కూడా ఉంది. చలికాలం పొద్దున కంచె పక్కన జెముడు కాకి ఒకటి రెండు రెక్కలూ పరిచి, ఈకలన్నీ చెదిరి, నోరు తెరిచి పడి ఉంది. కుక్క పట్టిందనుకున్నాను. కెమెరా కింద పెట్టి, చొక్కా విప్పి దాన్ని పట్టుకోవడానికి దగ్గరికి వెళ్లానో లేదో, ఈకలు సర్దుకుని, నా వైపు ఆ ఎర్రటి కన్ను ఒకసారి తిప్పి, తీరిగ్గా పొదలోకి నడిచిపోయింది. అది ఎండ కాచుకుంటోంది. చలిలో, మబ్బుల్లో ఎండ తగలగానే చాలా పక్షులు అలా పరుచుకుంటాయని తర్వాత చదివాను. చొక్కా లేకుండా చలిలో నిలబడింది నేనే.

గూట్లోంచి దూకి నేల మీద తడబడుతున్న పికిలిపిట్ట పిల్లల్ని చాలామంది ఇలాగే ‘కాపాడి’ ఇంటికి తెస్తుంటారు. తల్లి ఎక్కడో పక్క కొమ్మ మీద పురుగు పట్టుకుని మనం ఎప్పుడు పోతామా అని చూస్తుంటుంది. పిల్లి తిరుగుతుంటే ఎత్తి పొద మీద పెట్టండి, చాలు.

పక్షి కంగారు పడుతోందో లేదో ఎలా తెలుస్తుంది అంటే, నేను చూసేది ఒకటే: అది చేస్తున్న పని ఆపిందా, లేదా? ఈకలు సర్దుకుంటున్నా, ఒంటికాలి మీద కునుకుతున్నా, ఒళ్లు ఉబ్బించి ఒకసారి దులుపుకున్నా మీరు ఉండటం దానికి పట్టలేదని అర్థం. ఈకలు ఒంటికి అతుక్కుపోయి, మెడ సాగి, పిట్ట ఉన్నట్టుండి సన్నగా కనిపిస్తే మీరు అప్పటికే ఒకడుగు ఎక్కువ వేశారు. తర్వాత వంగుతుంది, తరచుగా రెట్ట కూడా వేస్తుంది, ఎగురుతుంది. ఈ చివరి ముక్క ఫొటోగ్రాఫర్లకు బాగా పనికొస్తుంది. పాలపిట్ట తీగ మీద కూర్చున్నప్పుడు మామూలు గోధుమరంగు పిట్ట. ఆ నీలం చాలామటుకు రెక్క విప్పితేనే. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి గాలి, ఎండ రెండూ మన వీపుకు తగిలేలా నిలబడి, షట్టర్ వేగం సెకనులో రెండువేలవ వంతు (1/2000) పెట్టుకుని, దాన్ని లేపకుండా, అదే లేచేదాకా ఆగాలి. రాయి విసిరి ఎగరేసినవాళ్లను చూశాను. ఫొటోలో తెలిసిపోతుంది, తోక చూపిస్తూ పారిపోతున్న పిట్టే పడుతుంది. ఫోన్లో కూత వినిపించి రప్పించడం కూడా నేను మానేశాను. రెండుసార్లు చేశాను, ఆ మగపిట్ట మేత మానేసి, లేని శత్రువు కోసం చెట్టు చెట్టూ వెతికింది.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు కాబట్టి ఇది: నమ్మి వస్తాయని అనను. మనల్ని లెక్కలోంచి తీసేస్తాయి. అదే గొప్ప. నాకు అది పూర్తిగా జరిగింది ఒక్కసారే.

పోయిన ఏడాది చిన్న లకుముకి కోసం వాగు ఒడ్డున ఆకుల రంగు గుడ్డ కప్పుకుని కూర్చున్నాను. నీళ్లలో ఎదురుగా ఒక ఎండు పుల్ల పాతి, దాని మీదే ఫోకస్ పెట్టుకున్నాను. రెండు గంటలు గడిచినా పుల్ల ఖాళీ. దోమలు, తిమ్మిరి, ఇక లేద్దామనుకుంటున్నా. ట్రైపాడ్ మీద వదులుగా బ్యాలెన్స్ చేసి ఉంచిన లెన్స్ కొస చిన్నగా కిందికి వాలింది. గుడ్డకున్న చిల్లులోంచి చూద్దును కదా, లెన్స్ హుడ్ మీద, అదే, ఎండ పడకుండా లెన్స్ ముందు తొడిగే గొట్టం మీద, లకుముకి. మహా అయితే 40 గ్రాములు ఉంటుందేమో. నా లెన్స్‌కు దాదాపు మూడు మీటర్లు దాటితేగానీ ఫోకస్ కుదరదు, ఇదేమో దాని నెత్తి మీదే కూర్చుంది. ఊపిరి బిగబట్టాను. ముక్కులో వేలెడంత చేప. దాన్ని హుడ్‌కేసి బాదడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. కెమెరాకు చెంప ఆనించి ఉన్నాను కాబట్టి ఒక్కో దెబ్బా పంటికి తగిలినట్టు తెలిసింది. బాదేటప్పుడు కంటి మీదికి తెల్లటి పొర వచ్చి పోతోంది. అది మూడో కనురెప్ప, పక్కనుంచి జారే తెర లాంటిది. నా పాత ఫొటోల్లో కన్ను పాలిపోయినట్టు వచ్చినవన్నీ ఫోకస్ తప్పిందని చెరిపేసుకున్నాను, ఇదన్నమాట సంగతి.

చేప కదలడం ఆగాక ముక్కులో దాన్ని అటూ ఇటూ మార్చి పట్టుకుంది. తనకైతే తల లోపలికి పెట్టి మింగుతుంది, పొలుసులు, రెక్కలు గొంతులో అడ్డుపడకుండా. ఇది తలను బయటివైపుకు తిప్పింది. అంటే తన కోసం కాదు, ఇంకో నోటికి అందించడానికి. లకుముకి గూడు ఒడ్డు మట్టిలో తొలిచిన సొరంగం. నా వెనకే నిలువుగా తెగిన ఒడ్డు.

అది నా భుజం పక్క నుంచి నీలం గీతలా వెనక్కి పోయింది. నేను తిరిగి చూడలేదు. కాసేపటికి అది చిన్నగా ఈల వేస్తూ వాగు వెంట దిగువకు వెళ్లిపోయేదాకా ఆగి, గుడ్డ మడిచి, పుల్ల పీకేసి, ట్రైపాడ్ చంకన పెట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే హుడ్ మీద తెల్లటి రెట్ట చుక్క ఒకటి, ఎండిపోయి అతుక్కున్న చేప పొలుసు ఒకటి. రెట్ట తుడిచాను.