ఎన్‌ఐఎస్ మ్యాపుల పని ఇచ్చారు, ఇది నేర్చుకుంటే ఉపయోగం ఉందా?

ప్రశ్న: లైనక్స్ అడ్మిన్ ట్రైనీగా ఈమధ్యే చేరాను సార్. యూజర్ల టెక్స్ట్ ఫైళ్లని మేక్‌డీబీఎం అనే టూల్‌తో ఎన్‌ఐఎస్ (నెట్‌వర్క్‌లోని మెషీన్లన్నిటికీ ఒకే యూజర్ల లిస్టు అందించే వ్యవస్థ) మ్యాపులుగా, అంటే దాని డేటాబేస్ ఫైళ్లుగా మార్చే పని నాకిచ్చారు. ఫ్రెండ్సంతా క్లౌడ్ నేర్చుకుంటున్నారు, నేను మాత్రం ఎప్పటిదో పాత సరుకు పట్టుకుని కూర్చున్నట్టుంది. మానేసి వేరేది చూసుకోనా?

జవాబు: ఇప్పుడే మానేయకండి, అలాగని దీంట్లోనే సెటిలైపోకండి కూడా. మీ భయం ఉత్తిదేం కాదు. ఎన్‌ఐఎస్ సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు 1980ల్లో తెచ్చింది, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9కి వచ్చేసరికి దీని ప్యాకేజీలే తీసేశారు. సెక్యూరిటీ కూడా అంతంతమాత్రమే, పాత పద్ధతిలో సెటప్ చేసిన చోట మామూలు యూజర్ వైపీక్యాట్ అనే కమాండ్ కొట్టినా అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టకుండా మార్చిన రూపాలు) బయటపడతాయి. కాబట్టి 'ఎన్‌ఐఎస్ ఎక్స్‌పర్ట్' అని రెజ్యూమెలో పైన పెట్టుకుంటే ఎవరూ పిలవరు.

కానీ మీ చేతిలో ఉన్న పనిని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. యూజర్ల వివరాలుండే పాస్‌డబ్ల్యూడీ ఫైల్లో ఒక్కో యూజర్‌కి ఒక్క లైను, కోలన్లతో విడదీసిన ఏడు ఫీల్డులు. మ్యాపులు కట్టే ఆదేశాలుండే మేక్‌ఫైల్లో ఆక్ (టెక్స్ట్‌ని లైన్లవారీగా మార్చే టూల్) ఏం చేస్తుందంటే ఆ లైను ముందు ఒకసారి యూజర్ పేరు, ఇంకోసారి యూఐడీ (యూజర్ నంబరు) తగిలించి మేక్‌డీబీఎంకి పంపిస్తుంది, అది మొదటి ముక్కని కీగా, మిగతాదంతా వాల్యూగా దాచుకుంటుంది. అలా ఒకే ఫైలు నుంచి బైనేమ్, బైయూఐడీ అని రెండు మ్యాపులొస్తాయి. రెండెందుకంటే లాగిన్ అయ్యేటప్పుడు సిస్టమ్ చేతిలో పేరుంటుంది, ఫైళ్ల లిస్టు చూపించేటప్పుడు నంబరుంటుంది, ఈ రకం డేటాబేస్ కీ ఇస్తే తప్ప టక్కున వెతకలేదు మరి.

ఇంకోటి చేసి చూడండి, టెస్ట్ మెషీన్‌లోనే సుమా! ఇద్దరు యూజర్లకి ఒకే యూఐడీ ఇచ్చి మ్యాపులు కట్టండి, తర్వాత మేక్‌డీబీఎం మైనస్ యూ ఆప్షన్‌తో రెండూ బయటికి తీసి చూడండి. బైనేమ్‌లో ఇద్దరూ ఉంటారు, బైయూఐడీలో ఒకళ్లే మిగులుతారు, ఎందుకంటే ఒక కీకి ఒకటే వాల్యూ. ఒకళ్లు క్రియేట్ చేసిన ఫైలు ఓనర్ ఎవరని చూస్తే ఇంకొకళ్ల పేరు కనిపించొచ్చు. ఇంటర్వ్యూలో ఈ ఒక్కటి సొంత మాటల్లో చెప్పగలిగితే చాలు, అవతలివాళ్లకి మీకు విషయం అర్థమైందని తెలిసిపోతుంది, పది సర్టిఫికెట్లు చూపించినా అంత తెలీదు (సర్టిఫికెట్ల మీద నాకెప్పుడూ కొంచెం చిరాకే లెండి).

ఇక్కణ్ణుంచి ఎల్‌డాప్‌కి (యూజర్ల వివరాలు ఒకచోట ఉంచి వెతికే డైరెక్టరీ పద్ధతి) పెద్ద దూరం లేదు. ఎల్‌డాప్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎల్‌డాప్‌లో స్లాప్‌యాడ్ కమాండ్ కూడా ఎల్‌డిఫ్ అనే టెక్స్ట్ ఫైలు తీసుకుని ఎల్‌ఎండీబీ అనే డేటాబేస్‌లో పెడుతుంది, అదీ కీ-వాల్యూ స్టోరే, స్లాప్‌క్యాట్‌తో మళ్లీ టెక్స్ట్‌గా బయటికొస్తుంది. అక్కడ ఏ ఆట్రిబ్యూట్‌కి ఇండెక్స్ పెట్టాలా అని ఆలోచిస్తారు చూడండి, మీరు బైనేమ్, బైయూఐడీ అని విడగొట్టింది అందుకే. మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌లో పోస్ట్‌మ్యాప్ కమాండ్ చేసేదీ దాదాపు ఇదే. తర్వాత కెర్బరోస్ (లాగిన్‌లో మనిషిని నిర్ధారించే పద్ధతి) బేసిక్స్, ఆపైన యూజర్లనీ లాగిన్లనీ ఒకచోట నిర్వహించే ఫ్రీఐపీఏ, యాక్టివ్ డైరెక్టరీ, ఈ వరసలో వెళ్లండి. క్లౌడ్ నేర్చుకునే మీ ఫ్రెండ్స్‌కైనా ఎవరు లాగిన్ అవ్వాలి, ఎవరికి ఏ పర్మిషన్ అనే తలనొప్పి తప్పదు.

రెజ్యూమెలో యూజర్ డైరెక్టరీ మేనేజ్‌మెంట్, ఆక్, మేక్ ఆటోమేషన్ అని రాయండి, ఎన్‌ఐఎస్ పేరు బ్రాకెట్లో పడేస్తే చాలు. ఈలోపు మీ సీనియర్‌ని ఒక మాట అడగండి, దీన్ని ఎల్‌డాప్‌కి మార్చే ప్లాన్ ఏమైనా ఉందా అని. ఉందంటే ఆ పని నేను చేస్తానని ముందే చెయ్యెత్తండి, పాత మ్యాపులు తెలిసినవాళ్లు లేకుండా ఆ మైగ్రేషన్ జరగదు. అసలు అలాంటి ఆలోచనే లేదు, ఏళ్ల తరబడి ఇలాగే నడుపుతాం అన్నారంటే మాత్రం అప్పుడు వేరే ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టండి.