హెచ్‌సీపీసీ ఆడిట్‌కి నా పేరొచ్చింది, ఎవరైనా కంప్లయింట్ చేశారా?

లేదండీ, లాటరీలో వచ్చింది అంతే. బ్రిటన్‌లో ఫిజియోల్లాంటి వృత్తులకి రిజిస్టర్ నడిపే హెచ్‌సీపీసీ, ఫిజియో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌లో సీపీడీ ప్రొఫైల్ (ఉద్యోగంలో ఉంటూ ఏం నేర్చుకున్నారో చూపే ఫైలు) పంపమంది, పక్క సీటు అమ్మాయికి రాలేదు, నా మీదే ఎందుకు అనుమానం, అందరినీ ఎందుకు చూడరు అని అడిగారు కదా. రెండేళ్లకోసారి రెన్యువల్ జరిగేటప్పుడు ఒక్కో వృత్తిలో 2.5 శాతం మందిని ఊరికే ఏరతారు, రిజిస్టర్‌లో చేరి రెండేళ్లు నిండనివాళ్లని వదిలేస్తారు. కంప్లయింట్ వస్తే దాని దారే వేరు, దానికి వేరే టీమ్ ఉంటుంది.

నాకూ వచ్చింది ఒకసారి. అప్పటికి ఆసుపత్రి వార్డు వదిలేసి, ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లని చూసే పనిలోకి మారి ఏడాది. విజయవాడ ఫోన్ చేసి ఉద్యోగం పోతుందేమో అన్నానో లేదో, అమ్మ దుర్గమ్మకు మొక్కేసుకుంది. నేనేమో ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు పదిహేడు స్కాన్ చేసి, గంటలు కూడి, పట్టిక గీసి పంపాను. ఇంకా వివరాలు కావాలని వెనక్కొచ్చింది. తప్పు నాదే, ఎందుకంటే వీళ్లు గంటలు లెక్కపెట్టరు. ఇక్కడ నర్సులకైతే మూడేళ్లలో 35 గంటలని లెక్క ఉంది, అదీ అందరూ చూపించాల్సిందే, మనకి అలాంటి అంకె లేదు. మీరు నేర్చుకున్నదాని వల్ల పేషెంటుకి ఏం ఒరిగింది అన్నదే వీళ్లకి కావాలి.

రెండోసారి ఒకే ఒక్క విషయం గట్టిగా రాశాను. ఎనభై దాటిన పెద్దాయన, ఒంటరిగా ఉంటారు, నెలలో రెండుసార్లు పడ్డారు. కాళ్లలో బలం లేదనుకుని నేను కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టే ఎక్సర్‌సైజులే చేయిస్తూ పోయాను. ఓ రోజు లేవగానే వాకర్ పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడిపోయారు. అప్పుడు వెలిగింది. మంచం మీద ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, లేచాక మొదటి నిమిషంలో, మళ్లీ మూడో నిమిషంలో చూస్తే పై అంకె 30 పడిపోయింది (20 పడితేనే పట్టించుకోవాలి). జీపీకి (ఆయన్ని మామూలుగా చూసే డాక్టరుకి) రాశాను, మందులు మార్చారు. వార్డులో అయితే ఇది నర్సమ్మ ఎప్పుడో పట్టేసేది, ఆ ఇంట్లో నేను తప్ప చూసేవాళ్లు లేరు. ఆ తర్వాత ఏం చదివాను, ఇప్పుడు ప్రతి ఇంట్లో ఏం చేస్తున్నాను, అదే రాశాను. ఒప్పుకున్నారు.

ఇక అందరినీ ఎందుకు చూడరు అన్న ప్రశ్నకి. ఇక్కడి వైద్య వృత్తుల కౌన్సిళ్ల మీద ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ అథారిటీ అని ఒకటుంది, వాళ్లు 2010 నుంచి 'రైట్ టచ్' అని ఒక పద్ధతి చెబుతున్నారు. ముందు ప్రమాదం ఎంతో తూచు, తర్వాత దానికి సరిపడా కట్టడే పెట్టు, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వద్దు అని. హెచ్‌సీపీసీ కింద పదిహేను వృత్తులు, మూడు లక్షల పైచిలుకు జనం, అందరి ఫైళ్లూ చదవాలంటే ఆ ఖర్చు మన ఫీజులోంచే పోతుంది, కాబట్టి కొందరినే చూడటం సబబే. కానీ ప్రమాదాన్ని బట్టి అంటూనే చీటీలు తీస్తున్నారే, అదే నాకు మింగుడుపడదు. పదిమంది మధ్య వార్డులో చేసేవాళ్లకీ, ప్రైవేటు క్లినిక్‌లోనో ఇళ్లలోనో ఒంటరిగా చేసేవాళ్లకీ చీటీ ఒకటే. ఆ పెద్దాయన దగ్గర పొరబడిన నన్ను ఇంకో సీనియర్ పక్కనుంటే మొదటి వారమే ఆపేవారు. రెన్యువల్ ఫారంలోనే ఎక్కడ చేస్తున్నారు, పక్కన ఎవరుంటారు అని అడిగి, ఒంటరివాళ్లని కాస్త ఎక్కువ ఏరితే పోయేదేముంది? అలాగని చీటీలు పూర్తిగా ఎత్తేయమనను, అప్పుడు వార్డువాళ్లు ఫైలు తెరవడమే మానేస్తారు. (మా టీమ్‌లో ఈ మాటంటే నా మీద విరుచుకుపడ్డారు, అది వేరే కథ.)

మీ పని చూసుకోండి ముందు. మీ పని గురించిన పరిచయం 500 పదాలు దాటకూడదు, స్టేట్‌మెంట్ 1500. అందులో ఏ కేసు రాసినా పేషెంటు పేరు, ఊరు ఎక్కడా కనబడకుండా చెరిపేయండి. ఒంట్లో బాగాలేకనో, ప్రసూతి సెలవులోనో ఉంటే వాయిదా అడగొచ్చు. గడువు మాత్రం దాటనివ్వకండి. ఇంతకీ మీరు వార్డులోనా, ఇళ్లకు వెళ్తారా? చెబితే ఏ కేసు రాస్తే బాగుంటుందో చూద్దాం.