పేరు వద్దనకు

చిన్నతల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

లండనులో క్లబ్బుల కోసం నువ్వొక డాన్స్ సింగిల్ పాడబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల గొంతుకు అక్కడి జనం అడుగులు వేస్తారన్న గర్వం కొంత. చుట్టాలు ఏమనుకుంటారోనని నీ పేరు ఎక్కడా వేయవద్దని చెప్పావన్న మాట విన్నాక కలిగిన భయం అంతకు మించి.

పాట మొదట్లోను చివర్లోను దరువు ఒక్కటే కొంతసేపు నడవాలని, డీజే ఒక పాటలోంచి మరొక పాటలోకి మళ్ళేది అక్కడేనని నీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. క్లబ్బుకు వెళ్ళినప్పుడు చెవులకు ఇయర్‌ప్లగ్గులు పెట్టుకో.

క్లబ్బును చిన్నచూపు చూడమని నేను చెప్పడం లేదు. 1982లో న్యూయార్కులోని డాన్సిటీరియా అనే క్లబ్బులో మార్క్ కామిన్స్ అనే డీజే మడోన్నా క్యాసెట్టు వేసి జనం ఆడడం చూసిన తరువాతే ఆమెకు సైర్ అనే రికార్డుల కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఆమె మొదటి సింగిల్ ‘ఎవ్రీబడీ’ అమెరికాలో పాటల ఆదరణను లెక్కించే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలోకి ఎక్కకపోయినా డాన్స్ పట్టికలో 3వ స్థానం దాకా వెళ్ళింది. దాని అట్ట మీద ఆమె ఫోటో లేదు, కాని పేరు ఉంది. ముఖం తరువాత చూపించుకోవచ్చు, పేరు అలా కాదు.

నా సంగతి విను. 1990లో మీ పెదనాన్నతో లండనులో ఉన్నప్పుడు, ఉగాది సభలో నా పాట విన్న ఒక కుర్రవాడు తన డాన్స్ రికార్డు కోసం కాస్త మోహన రాగం ఆలపించమని అడిగాడు. రైలు వంతెన కింద ఉన్న ఇరుకు గదిలో, చలికి శాలువా కప్పుకొని, గంటసేపు పాడాను. యాభై పౌండ్లు చేతిలో పెట్టి, అట్ట మీద ఏ పేరు వేయమంటారని అతడు మర్యాదగానే అడిగాడు. క్లబ్బుల్లో మోగే పాటకు నా పేరేమిటి, ఊళ్ళో తెలిస్తే అమ్మ తల ఎక్కడ పెట్టుకుంటుంది అనుకొని, పేరు వద్దన్నాను. కాగితమూ అడగలేదు. కొన్ని నెలలకు ఒక రికార్డుల దుకాణం ముందు నా గొంతు వినిపించి ఆగిపోయాను. లోపలికి వెళ్ళి చూస్తే అట్ట మీద ఎవరో అమ్మాయి బొమ్మ ఉంది. అది నేనేనని దుకాణంలో వాళ్ళతో అనలేకపోయాను, ఇంటికి వచ్చి మీ పెదనాన్నతోనూ అనలేదు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, ఆ పాట వినకుండానే పోయింది. వింటే సంతోషించేదేమో, నేనే ఆవిడను తక్కువ అంచనా వేశాను.

ఆ రోజుల్లోనే మార్తా వాష్ పాడిన ‘గొన్నా మేక్ యూ స్వెట్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరితే, వీడియోలో పెదవులు కదిపింది మరొకరు. మార్తా కోర్టుకు వెళ్ళి తన గొంతుకు తన పేరు సాధించుకుంది. నేను ఏ కోర్టుకు వెళ్ళినా, వద్దన్నది నువ్వే కదా అంటారు.

అందుకే కోప్పడుతున్నాను, తల్లీ. వేదిక కోసం వేరే పేరు పెట్టుకుంటే పెట్టుకో, అయితే ఒప్పందంలో మాత్రం నీ అసలు పేరు ఉండాలి. గాయకులకు తమ పేరు వేయించుకునే హక్కును బ్రిటన్ చట్టం 2006 నుంచి ఇస్తోంది, కాని ఆ హక్కు నాదని నువ్వు రాతపూర్వకంగా చెప్పుకోవాలి. ఇలాంటి వాటినే నైతిక హక్కులంటారు, వాటిని వదులుకుంటున్నానన్న వాక్యం ఒప్పందం చివర్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండవచ్చు, దాన్ని కొట్టేయించు. పాట బహిరంగంగా మోగినప్పుడు పాడినవారికి వాటా ఇచ్చే పీపీఎల్‌లో నీ పేరు నమోదు చేయించుకో. పాట రాయడంలో నీ చెయ్యి ఉంటే, రాసినవారికి వాటా ఇచ్చే పీఆర్ఎస్‌లోనూ చేరు. వాద్యాలు లేకుండా నీ గొంతు మాత్రమే ఉన్న ట్రాకును కాగితం మీద సంతకాలు పడేదాకా ఎవరికీ పంపకు.

చుట్టాల సంగతి నాకు వదిలెయ్యి, ఎవరైనా అడిగితే ముందుగా నా పాట గురించే చెబుతాను. ఒప్పందం ప్రతి పేజీకి ఫోటో తీసి పంపు. నేను చదివి ఫోను చేసేదాకా సంతకం పెట్టకు.

నీ
పెద్దమ్మ