ఉల్లి వేరు స్లైడులో కణవిభజన దశలు ఎందుకు కనబడటం లేదు?

మీరు బెంగళూరు విశ్వవిద్యాలయ ప్రాంగణమైన జ్ఞానభారతిలో ఎమ్మెస్సీ బోటనీ ప్రాక్టికల్స్ గురించి అడిగారు: స్లైడు నిండా కణాలున్నా క్రోమోజోములు కనబడవేం అని. చాలాసార్లు పొరపాటు రంగు వేయడంలో కాదు, వేరును కోసిన చోట ఉంటుంది. విభజన జరిగేది వేరు కొసన 1–2 మిల్లీమీటర్లలోనే. ఆపైన కణాలు పొడవుగా సాగుతాయే గానీ విభజన చెందవు.

వేళ్లను ఉదయంపూట కోసి, వెంటనే 3 పాళ్ల ఆల్కహాలు, 1 పాలు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచండి. తర్వాత 1 నార్మల్ (1N) గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 8–10 నిమిషాలు. కణాలను అంటిపెట్టే పెక్టిన్ కరిగేది ఇక్కడే కాబట్టి గడియారం చూసుకోవాల్సిందే: సమయం తగ్గితే కణాలు గుంపుగా మిగులుతాయి, ఎక్కువైతే కొస చిదికిపోతుంది.

నీటితో కడిగి, అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు వేసి, కవర్‌స్లిప్‌ను పెన్సిల్ వెనకవైపుతో మెల్లగా తట్టండి. ఆపై బ్లాటింగ్ కాగితం పరిచి బొటనవేలితో నిటారుగా నొక్కండి. పక్కకు జరిగితే కణాలు చుట్టుకుపోతాయి.

మార్కెట్లో కొన్న ఉల్లికి వేళ్లు రాకపోతే ఎండు వేళ్లను బ్లేడుతో గీకేసి, అడుగు మాత్రమే నీటికి తగిలేలా గ్లాసు మీద నిలపండి. మంచి స్లైడులోనూ ఎక్కువ కణాలు ఇంటర్‌ఫేజ్‌లోనే (రెండు విభజనల మధ్య దశలోనే) ఉంటాయి, అది తప్పు కాదు.